లేని మొగుడు సైన్యంలో

మా అక్క బతికుంటే ఈ కథే ఉండేది కాదు. ఆమె పోయాక బావ తన అక్క మల్‌సున్ చెప్పుచేతల్లోకి వెళ్లిపోయాడు. ఆ మహాతల్లికి దేవుడి కంటే దేగు నగరంలోని తన చర్చి ఆడవాళ్లంటేనే ఎక్కువ భయం.

అక్క కూతురు హేవన్‌కి ఇరవై ఏళ్లు. మెడలో గడ్డ క్యాన్సరని తేలింది. డాక్టరమ్మ సూటిగా చెప్పింది: "కీమో వల్ల అండాలు దెబ్బతినొచ్చు. ముందే తీసి గడ్డకట్టించి దాచుకోవచ్చు. కానీ ఇంజెక్షన్లు ఈరోజే మొదలవ్వాలి. కీమోని ఇంకా వాయిదా వెయ్యలేం."

మల్‌సున్‌కి వినబడింది ఒక్కటే, గైనిక్ విభాగానికి వెళ్లాలని.

"పెళ్లికాని పిల్ల అక్కడ కూర్చుంటే కడుపొచ్చిందనుకోరూ? రేపు సంబంధాలెలా వస్తాయి?"

"ముందు నేను బతకాలి కదా, అత్తయ్యా."

"బతుకుతావులే. బతికాకే కదా సంబంధాలు!"

అని తన ఉంగరం తీసి పిల్ల వేలికి తొడిగింది. పెళ్లయిందనుకుంటారట. తెలివి తెల్లారినట్టే ఉంది.

కౌంటర్లో నర్సు ఆ ఉంగరం చూసింది. "పెళ్లయిందా? అయితే అండాలు దాచాలా, పిండాలు దాచాలా అన్నది భర్తతో కూడా మాట్లాడాలి. ఆయనేరీ?"

ఎవరైనా ఇక్కడ నిజం చెప్పేస్తారు. మల్‌సున్ మాత్రం తడుముకోకుండా, "సైన్యంలో ఉన్నాడమ్మా, సరిహద్దులో" అంది.

"సెలవు పెట్టించి రేపు తీసుకురండి."

లేని మొగుడికి సెలవెవరిస్తారు? బావ వైపు చూశాను. కాఫీ మెషీన్ని శ్రద్ధగా పరిశీలిస్తున్నాడు. ఛీ, ఇతనూ ఒక తండ్రే! నేను నోరు తెరవబోతే హేవన్ నా చెయ్యి నొక్కింది.

"నాకు పెళ్లి కాలేదు" అంది హాలంతా వినబడేలా. "క్యాన్సరొచ్చింది. నా అండాలు దాచుకోవడానికొచ్చాను."

ఉంగరమున్న చెయ్యి విదిలించింది. చిక్కిపోయిన వేలి నుంచి ఉంగరం జారి కుర్చీల కిందకి దొర్లింది. నర్సు వెంటనే ఇంజెక్షన్ గది చూపించింది.

మల్‌సున్ ఆడవాళ్ల కాళ్ల మధ్య పాకుతూ ఉంగరం వెతుకుతోంది. చివరి వరసలోంచి ఒకావిడ తొంగి చూసింది. "అయ్యో, మల్‌సున్ గారా! ఆదివారం చర్చిలో కనబడలేదేం? ఇక్కడ మీకేం పని?"

హేవన్ గుమ్మం దగ్గర ఆగింది.

"దొరికితే మీరే పెట్టుకోండి, అత్తయ్యా. సరిహద్దులో ఉన్న ఆయన్ని కూడా మీరే ఉంచుకోండి."

అని లోపలికెళ్లి చొక్కా పైకెత్తి, సూది వైపు పొట్ట తిప్పింది.