నరం దొరకని రోజు

రబ్బరు పట్టీ బిగించి, ముసలావిడ మోచేతి మడతలో వసుంధర చూపుడువేలితో నొక్కి చూసింది. ఏమీ తెలియలేదు. కాస్త పక్కకు జరిపి మళ్లీ నొక్కింది. చర్మం మెత్తగా ఉందో, బిగుసుకుని ఉందో కూడా వేలికి అందలేదు.

ఇరవై ఆరేళ్లుగా ఆమె రోజూ మొదటి బండికి బందరు నుంచి గుడివాడ వచ్చి, ఈ ల్యాబ్‌లో రక్తం తీస్తోంది. పసిపిల్లల చేతులైనా, ఎండిపోయిన ముసలివాళ్ల చేతులైనా ఒక్క గుచ్చుతో తీసేది. వచ్చినవాళ్లు “బందరు మేడమ్ ఉన్నారా?” అని అడిగి, ఉన్నారంటేనే కూర్చునేవారు.

సూది గుచ్చింది. రక్తం రాలేదు. రెండోసారీ రాలేదు. మూడోసారికి చర్మం కింద నీలంగా ఉబ్బింది.

“నా చెయ్యే మంచిది కాదులే అమ్మాయ్,” అంది ముసలావిడ. ఆవిడ పేరు కనకమహాలక్ష్మి. తప్పు తనదే అయినట్టు నవ్వబోయింది, కానీ కళ్లలో నీళ్లు తిరిగాయి.

ల్యాబ్ యజమాని సత్యానందం వచ్చి రెండో చేతికి తానే తీశాడు.

రెండేళ్ల కిందట అరికాళ్లలో మొదలైంది. నిలబడితే తిమ్మిరి, పడుకుంటే మంట. దుప్పటి అంచు తగిలినా నిప్పు తగిలినట్టే ఉండేది. అది మెల్లగా చేతివేళ్లకు పాకింది. అందరూ షుగర్ అన్నారు. వేలు పొడుచుకుని, చిన్న మీటరు మీద తన షుగర్ తానే పదకొండుసార్లు చూసుకుంది. ఒక్కసారీ లేదు. “రిపోర్టు బానే ఉందిగా, ఇంకేం నొప్పి?” అన్నాడు భర్త ఫణికుమార్. అతను చెడ్డవాడు కాదు. కానీ ఆ రోజు నుంచి ఆమె అతనికి చెప్పడం మానేసింది.

ముసలావిడ వచ్చివెళ్లిన మధ్యాహ్నం, ల్యాబ్ ఖాళీ అయ్యాక, కంటికి కనిపిస్తున్న నరం చూసుకుని తన రక్తం తానే తీసుకుంది. గిర్రున తిప్పే యంత్రంలో గొట్టం పెట్టింది. మామూలుగా రక్తం అడుగుకు దిగి, పైన పసుపుపచ్చని నీరు తేరుతుంది. ఈ గొట్టంలో పైన తేరింది చిక్కటి పాలలా ఉంది. ఇంకెవరిదో అనుకుని చీటీ చూసింది. తన పేరు, తన చేతిరాత.

కొవ్వు పరీక్ష చేసింది. ట్రైగ్లిజరైడ్లు నూట యాభై దాటకూడదు. పద్దెనిమిది వందలు దాటాయి.

మేడమీద క్లినిక్‌లో డాక్టర్ సాయిసుధ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది.

“ఇంత సన్నగా ఉన్నారు, ఎవరూ అనుకోరండీ. మీ వంశంలోనే ఉండి ఉండొచ్చు. రక్తంలో కొవ్వు ఇంత పెరిగితే స్పర్శ తెలిపే నరాలు దెబ్బతినొచ్చు. ఇదే కారణమని మాత్రం ఖాయంగా చెప్పలేను, ఇంకా పరీక్షలు చెయ్యాలి. మందులు మాత్రం ఇవాళే మొదలుపెట్టండి.”

“వేళ్లకి మళ్లీ తెలుస్తుందాండీ?”

డాక్టర్ మందుల చీటీ రాసి ఇచ్చింది. “మంట తగ్గొచ్చు. స్పర్శ సంగతి చెప్పలేనండీ.”

మెట్లు దిగుతూ వసుంధర గోడ పట్టుకుని ఆగిపోయింది. రోజుకు పదిమందికైనా చేసే పరీక్ష. యంత్రం తన కుర్చీ పక్కనే. రెండేళ్లు షుగర్ ఒక్కటే వెతుక్కుంది.

సత్యానందం ఆమె కోసమే కూర్చుని ఉన్నాడు.

“రేపట్నుంచి కౌంటర్లో కూర్చోండి వసుంధర గారూ. రిపోర్టులు ఇచ్చేద్దురుగాని. శాంపిల్స్‌కి వేరేవాళ్లని చూస్తాను.”

“వద్దండీ. బందరు మేడమ్ ఉన్నారా అని అడుగుతారు. ఎదురుగా కూర్చుని లేరని చెప్పలేను.”

అతను లేచి నిలబడ్డాడు. ఆమె తెల్లకోటు మడిచి అతని బల్లమీద పెట్టి, బ్యాగు తీసుకుంది.

స్టేషన్‌కి వెళ్లేసరికి సాయంత్రం పాసింజరు కూత వేసింది. పరుగెత్తి, కమ్మీ రెండు చేతులా పట్టుకుని ఎక్కింది. కిటికీ పక్కన కూర్చున్నాక ఏడుపు ఆగలేదు. ఎదుటి సీటావిడ పెడన దాకా చూసీచూడనట్టు ఊరుకుని, అక్కడ దిగబోతూ వంగి చూసింది.

“మీ కాలి చెప్పు ఏదండీ?”

వసుంధర కిందికి చూసుకుంది. కుడికాలికి చెప్పు లేదు. ఎక్కడ జారిపోయిందో కాలికి తెలియలేదు.

గుడివాడ ప్లాట్‌ఫారం అంచున, ఆమె బండి ఎక్కినచోట, ఈమధ్యే కొత్త పట్టీ వేయించిన గోధుమరంగు చెప్పు ఒకటి బోర్లా పడి ఉంది.