అయ్యగారి దగ్గు

ఆ చిన్న చర్చిలో గంట లేదు, మైకు లేదు, పాస్టరు అయ్యగారి దగ్గు ఉంది. బైబిలు వాక్యం చెప్పడం ముగించి, జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకుని ఆయన ఒక్కసారి దగ్గితే చాలు, సంఘమంతా ప్రార్థనకు లేచి నిలబడేది. లేవండి అని ఆయన ఏనాడూ చెప్పింది లేదు, ఎందుకు లేవాలని ఎవరూ అడిగిందీ లేదు. కొత్తగా వచ్చినవాళ్ళు పక్కవాళ్ళను చూసి లేచేవారు.

ఇప్పుడు ఆ గొంతే మొరాయించింది. ఇక గట్టిగా మాట్లాడితే ఉన్నది కూడా పోతుందని డాక్టరు ఖరాకండిగా చెప్పేశాడు. సంఘ పెద్దలు తలలు పట్టుకున్నారు. బయటినుంచి ఎవరినైనా పిలిపిద్దామన్నారు. అయ్యగారు మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, "మన అద్దాలమ్మాయి లేదూ?" అన్నారు.

అద్దాలమ్మాయి అంటే కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే పిల్ల. పాతికేళ్ళు నిండలేదు. జబ్బుపడ్డవాళ్ళను చూడడానికి అయ్యగారు ఎవరింటికి వెళ్ళినా వెంట వెళ్ళేది. మొదట్లో ఆయన ప్రార్థన చేస్తుంటే చేతులు కట్టుకుని వినేది. పోనుపోను ఆయన గుమ్మం దగ్గరే ఆగి, "నువ్వు పద తల్లీ, నేను చెప్పులు విప్పి వస్తా," అనడం మొదలుపెట్టారు. ఆయనవి కాళ్ళు విదిలిస్తే ఊడిపోయే చెప్పులు. అయినా ఆయన లోపలికి వచ్చేసరికి ఈ పిల్ల మంచం పక్కన చేరి, పలకరింపులయ్యి, ప్రార్థన సగంలో ఉండేది. పని నేర్పుతున్నానని ఒక్క మాట అనకుండా పని నేర్పేవాళ్ళు ఎక్కడో గానీ ఉండరు. అయ్యగారు ఆ బాపతు మనిషి.

పెద్దల్లో తాపీమేస్త్రికి మాత్రం ఈ ఏర్పాటు మింగుడుపడలేదు. "నిన్నగాక మొన్నటి పిల్ల, సంఘాన్ని మోస్తుందా? సరే, రెండు ఆదివారాలు నిలబెట్టి చూద్దాం. కుదరలేదా, బయటివాళ్ళను పిలిచేద్దాం," అని తేల్చేశాడు.

మొదటి ఆదివారం అద్దాలమ్మాయి అయ్యగారిని అచ్చుగుద్దినట్టు దింపేసింది. అదే కొంప ముంచింది. "ప్రియులారా" అని ఆయనలాగే సాగదీసింది. ఆయనలాగే జేబురుమాలు తెచ్చుకుంది. ఇంకా బైబిలు తెరవకముందే ఆయనలాగే దగ్గింది. సంఘం లేచి నిలబడింది. ఆమె కంగారుపడి వాక్యం అందుకుంది. సంఘం కూర్చుంది. కంగారులో మళ్ళీ దగ్గింది. సంఘం మళ్ళీ లేచింది. మూడోసారి తాపీమేస్త్రి మోకాళ్ళు పట్టుకుని, "లేవమంటావా, కూర్చోమంటావా తల్లీ? ఏదో ఒకటి తేల్చు!" అన్నాడు. పిల్లలు పడీపడీ నవ్వారు. పెద్దవాళ్ళు పాటల పుస్తకాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

రెండు రోజుల తర్వాత అయ్యగారు షాపుకు వచ్చారు. ఆమె తలెత్తకుండా ఫ్రేములు తుడుస్తోంది.

"నా వల్ల కాదండీ. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టయింది నా పని. బయటివాళ్ళనే పిలిపించండి."

"ఆ దగ్గు ఎవరిదనుకున్నావు?" అన్నారు అయ్యగారు స్టూలు మీద కూర్చుంటూ.

"మీదే కదండీ."

"నాది కాదమ్మా. నాకు పని నేర్పిన అయ్యగారిది. పాపం, ఆయనకు ఉబ్బసం. నాకేమో ఆయనంటే ప్రాణం. ఆయనలా నిలబడ్డాను, ఆయనలా చెయ్యి ఊపాను, ఆయనలా దగ్గాను. మొదట్లో కావాలని దగ్గేవాణ్ణి, తర్వాత అది నన్ను వదల్లేదు. లేని దగ్గు దగ్గీ దగ్గీ గొంతు పుండు చేసుకున్నానని డాక్టరు ఒకటే తిట్టు."

అద్దాలమ్మాయికి ముందు నవ్వొచ్చింది. తర్వాత కళ్ళు నిండాయి.

"దగ్గొద్దని ఆయన మీకు చెప్పలేదా?"

"చెప్పేలోపే పోయారు. అందుకే నేను ఉండగానే వచ్చి చెబుతున్నా."

ఇంతలో ఒక ముసలావిడ కొత్త కళ్ళజోడు కోసం వచ్చింది. అద్దాలమ్మాయి గబగబా కళ్ళు తుడుచుకుని జోడు పెట్టి, "కనిపిస్తోందా మామ్మగారూ? తొందరేం లేదు, నిదానంగా చూడండి. ఎక్కడైనా నొక్కుతోందా?" అని అడిగింది. చెవి వెనక నొక్కుతోందంటే తీసి, కాస్త వంచి, మళ్ళీ పెట్టింది. ఆవిడ వెళ్ళాక అయ్యగారు లేచారు.

"ఈ గొంతును ఆదివారం ఇంట్లో పెట్టి వచ్చావేం?" అన్నారు, అంతే. ఆయన వీధి మలుపు తిరిగేదాకా ఆమె చూస్తూనే ఉంది. ఎన్నో ఏళ్ళుగా సంఘమంతా గౌరవించే తన దగ్గును తానే దొంగదగ్గని ఒప్పుకోవడానికి ఎంత పెద్ద మనసు కావాలి! ఆయనలా మాట్లాడడం కన్నా అదే కష్టమని ఆమెకు అనిపించింది.

రెండో ఆదివారం ఆమె జేబురుమాలు తేలేదు. వాక్యం షాపులో మాట్లాడినట్టే మాట్లాడింది. "అర్థమవుతోందా? తొందరేం లేదు," అంటూ ఒకటికి రెండుసార్లు విడమరిచి చెప్పింది. మేస్త్రి కూడా ముందుకు వంగి విన్నాడు. అంతా సవ్యంగానే సాగి, ప్రార్థన దగ్గరికి వచ్చింది.

ఆమె దగ్గలేదు. జనం బెంచీల అంచులు పట్టుకుని లేవడానికి సిద్ధంగా కూర్చున్నారు. దగ్గు రాదు, వీళ్ళు లేవరు. పిల్లలు నవ్వడానికి రెడీగా ఉన్నారు. సరిగ్గా అప్పుడే చివరి బెంచీలో అయ్యగారు, ప్రార్థనంటే నిలబడే అలవాటుకొద్దీ, లేచి నిలబడ్డారు. తలలన్నీ అటు తిరిగాయి. ఆయన లేస్తే ఇక సంఘం లేవకుండా ఉంటుందా? సంఘాన్ని నిలబెట్టింది మళ్ళీ ఆయనే అవుతుంది, ఈ పిల్ల ఎందుకు అక్కడ నిలబడినట్టు?

అద్దాలమ్మాయి మొదటి బెంచీలో మోకాళ్ళు పట్టుకున్న మేస్త్రిని చూసింది.

"ఇవాళ కూర్చునే ప్రార్థన చేసుకుందాం. మోకాళ్ళ నొప్పులవాళ్ళు చాలామంది ఉన్నారు. ఎవరూ లేవొద్దు."

మేస్త్రి మోకాళ్ళ మీద చేతులు తీసేసి వెనక్కి వాలాడు. తలలన్నీ మళ్ళీ ముందుకు తిరిగాయి. చివరి బెంచీలో అయ్యగారు ఒక్కరే నిలబడి ఉన్నారు.

"అయ్యగారూ," అంది ఆమె మెల్లగా, "మీరు కూడా కూర్చోండి."

లెమ్మనో కూర్చోమనో ఆయనకు చెప్పినవాళ్ళు ఆ చర్చిలో అంతవరకూ లేరు.

అయ్యగారు కూర్చున్నారు.