ఆయ్ అన్న పాపానికి

నా గొంతు నాది కాదంటండి! ఎక్కడన్నా విన్నారా ఈ విడ్డూరం? ముక్కు నాదే, నోరు నాదే, ఆ నోట్లో పళ్లూ నావే, అందులోంచి వచ్చే కేక మాత్రం ఏదో పాటల కంపెనీదంట. ఆ మాట చెప్పినాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఏసీ గదిలో కూర్చుని, కాఫీ తాగుతూ చెప్పాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

నా పేరు తలుపులమ్మండి. గోదారి గట్టున మా టౌన్లో చేపలమ్ముతాను. మా ఆయన రాముడు తెల్లారేసరికి రేవు నుంచి చేపలు తెస్తే, నేను మోపెడ్‌కి ఐస్ పెట్టె కట్టుకుని వీధులు తిరుగుతాను. "సేపలోయ్ సేపలూ! శీలావతీ, బొచ్చే, కొర్రమీనూ! మొప్పలు చూసుకోండమ్మా, నా మొహం కాదూ!" ఇదండీ నా కేక. మొదటి ముక్క మా అత్తగారిది, మొహం ముక్క నేను కలిపింది. అరిచి అరిచి గొంతు బొంగురుపోతుంటే, మా ఆయన జాలిపడి దాన్ని ఫోన్లో రికార్డు చేసి బండికి మైకు బిగించాడు.

ఆ రికార్డు చేసేటప్పుడే పక్కింటి పిల్లి వచ్చి పెట్టెలో మూతి పెట్టింది. "ఓసి నీ దుంపతెగ! పోవే దొంగమొహమా!" అని తిట్టాను. అదీ అందులో పడిపోయింది, పిల్లి మ్యావుతో సహా. మళ్లీ చేద్దామయ్యా అంటే మా ఆయనకి బద్ధకం, "బానే ఉందిలేవే" అన్నాడు. బానే ఉందండి నిజంగానే. ఆ తిట్టు వింటే చాలు, వీధిలో పిల్లలంతా "దొంగమొహమా" అని అందుకునేవాళ్లు. గుడివెనక వీధిలో అలివేలుమంగగారని ఉన్నారు, పెద్దావిడ, చూపు బొత్తిగా ఆనదు. నా కేక పట్టుకునే గేటు దాకా వచ్చేవారు. గిన్నె చాపి, "పిల్లి వెళ్లిందా తలుపులమ్మా?" అని అడిగాకే బేరం మొదలెట్టేవారు.

ఎవడో మహానుభావుడు మా వీధిలో ఫోన్ చాపి ఆ కేక పట్టుకుపోయాడు. పాటల కంపెనీ దానికి డప్పులు తగిలించి డీజే పాట చేసేసింది. తణుకులో మా మరిది కూతురి పెళ్లికి వెళ్తే, ఊరేగింపులో కుర్రాళ్లంతా నా తిట్టుకి ఎగురుతున్నారు! పెళ్లికొడుకు కూడా గుర్రం మీద కూర్చుని "పోవే పోవే" అంటున్నాడు. నిజం చెప్పొద్దూ, మురిసిపోయానండి. ఇంటికొచ్చి ఆ పిల్లికి ఒక రొయ్య కూడా వేశాను.

అంతలో మా టౌన్లో శబ్ద క్రమబద్ధీకరణ విభాగం అని ఒకటి వెలిసింది. ఆ పేరు పలకడానికే నాకు వారం పట్టింది. వీధిలో మైకు మోగించాలంటే వాళ్ల శబ్దమిత్ర యాప్‌లో ఎక్కించాలంట. ఆ యాప్ విని, ఇది ఎవరి శబ్దమో తేలుస్తుందంట. ఉప్పు బండి విజయ్ పాల్ మైకు విని, ఇది ఉపన్యాసం, ముందస్తు అనుమతి కావాలందంట. వాడింకా ఆ అనుమతి కోసం తిరుగుతూనే ఉన్నాడు పాపం.

ఆఫీసరు సురేంద్రగారు నా మైకు ముందు ఫోన్ పెట్టారు. అది కాసేపు గిర్రున తిరిగి, ఆడగొంతుతో "ఈ శబ్దం ఇతరుల సొత్తు" అంది.

"ఎవరి సొత్తండి?"

"పాటల కంపెనీదమ్మా. నువ్వు వాళ్ల పాట కాపీ కొట్టావు."

"నేను కొట్టడమేంటండి బాబూ! వాళ్లే నా దగ్గర కొట్టేశారు. ఆ తిట్టు మా పక్కింటి పిల్లిని తిట్టింది. కావాలంటే పిల్లిని సంకనేసుకొచ్చి చూపిస్తాను!"

సురేంద్రగారు ఫోన్లోకి తొంగిచూశారు. "పిల్లి కూడా వాళ్ల పేరు మీదే ఉందమ్మా. మ్యావుతో సహా నమోదు చేసుకున్నారు."

మైకు ఊడబీకి పట్టుకుపోయారు. అభ్యంతరం ఉంటే కంపెనీవాళ్లే ఫోన్ చేస్తారు, వాళ్లతో చెప్పుకో అన్నారు. మర్నాడు నేను కత్తిపీట ముందు కూర్చుని చేప తోముతుంటే ఫోనొచ్చింది. చేతులనిండా పొలుసు. భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకున్నాను.

"నమస్కారం. మీ కేక గురించి మాట్లాడాలి" అంది ఒక యంత్రం గొంతు.

"ఆయ్" అన్నాను.

"ఆ కేకపై సర్వహక్కులూ మా సంస్థవి."

"ఆయ్."

"ఇకపై మైకులో గానీ నోటితో గానీ మీరు దాన్ని వాడరాదు."

"ఆయ్ అండి, అయితే నా మాట కూడా..." అంటున్నాను, "మీ సమ్మతి నమోదైంది, ధన్యవాదాలు" అని పెట్టేసింది.

మావైపు ఆయ్ అంటే ఏంటో మీకు తెలుసు గదండీ. అవునన్నా ఆయే, వింటున్నానన్నా ఆయే, ఊఁ తర్వాతేంటి అన్నా ఆయే. ఎదుటి మనిషి మాట్లాడుతుంటే మధ్యమధ్యలో ఆయ్ అనకుండా గుడ్లప్పగించి చూస్తే, ఇదేం పెంపకం అంటారు. ఆ యంత్రాన్ని ఏ ఊళ్లో కన్నారో గానీ దానికి మర్యాదకీ ఒప్పుకోలుకీ తేడా తెలీదు.

అలా నా నోరు కూడా పోయింది. పరుగెత్తుకెళ్లి ఏసీ గదిలో కాఫీ తాగుతున్న సురేంద్రగారిని అడిగితే, "నువ్వే ఒప్పుకున్నావు కదమ్మా, నేనేం చెయ్యను? వీధిలో ఆ కేక వినబడితే బండి కూడా పట్టుకెళ్లాలి" అన్నారు. పోనీ వేరేలా అరుద్దామంటే పెదాల మీదకి ఆ కేకే వచ్చేస్తుంది. కాపురానికొచ్చినప్పట్నుంచీ అరిచింది ఒక్కరోజులో ఎలా మారుతుందండి? బండికి సైకిల్ బెల్లు కట్టి కొట్టుకుంటూ తిరిగాను. పాత పేపర్లు కొనేవాడనుకుని ఆడాళ్లంతా పేపర్లు మోసుకుంటూ బయటికొచ్చారు. నన్ను చూసి విసుక్కుని లోపలికెళ్లిపోయారు.

అలివేలుమంగగారి గేటు ముందు నిలబడితే మాత్రం ఏడుపొచ్చిందండి. ఆవిడ అరుగు మీద గిన్నె ఒళ్లో పెట్టుకుని, వీధి చివరికి చెవి పెట్టి కూర్చున్నారు. నేను ఎదురుగానే ఉన్నాను. బెల్లు కొట్టాను. "పేపర్లు లేవయ్యా, వెళ్లు" అన్నారు. నేనండీ అని చెప్తే, "ఏమైపోయావే, చచ్చావనుకున్నాను" అన్నారు. గొంతు తీసేస్తే మనిషి ఉండీ లేనట్టేనని నాకు అప్పుడు తెలిసింది.

ఇంటికెళ్లి ఏడుస్తూ కూర్చుంటే మనం బతకగలమా? అమ్ముడుపోని చేపలు పెట్టెతో సహా తీసుకెళ్లి, సురేంద్రగారి ఏసీ గది గుమ్మం ముందు మూత తీసి కూర్చున్నాను. ఐస్ కూడా వెయ్యలేదు. మధ్యాహ్నం కాఫీ వేళకల్లా నాకు విచారణ తేదీ ఇచ్చేశారు.

విచారణకి కంపెనీ తరఫున ప్లీడరు వచ్చారు. అచ్యుతరామరాజుగారు, భీమవరం. మనిషి మంచివారే, ఎంతసేపూ ఫోన్లో రొయ్యల రేటు చూసుకుంటున్నారు. బల్ల మధ్యలో శబ్దమిత్ర ఉన్న ఫోన్ పెట్టారు. విచారణలో మాటలన్నీ అదే వింటుందంట, అది తేల్చిందే ఖాయమంట. అది రూలు అని సురేంద్రగారు పైకి చదివి వినిపించారు. నన్ను చెప్పుకోమన్నారు.

"రాజుగారూ, తమరిది భీమవరమేగదండీ?" అన్నాను, మాట కలుపుదామని.

"ఆయ్" అన్నారు ఫోన్లోంచి తలెత్తకుండా.

ఆ ఆయ్ వినగానే బల్లకి దగ్గరగా జరిగి కూర్చున్నాను. ఓరి నాయనో, ఈయనా మావైపువాడే!

"నేను చేపలమ్ముకునేదాన్నండి."

"ఆయ్."

"ఆ పిల్లిని తిట్టింది నేనేనండి."

"ఆయ్, చెప్పమ్మా."

"ఆ గొంతు నాదేనండి."

"ఆయ్."

"మీ కంపెనీ నా దగ్గర కొట్టేసిందండి. ఆ కేకా, ఆ పాటా, పిల్లీ, మొత్తం నాకే చెందుతాయండి."

"ఆయ్, ఆయ్... తర్వాత?"

బల్ల మీద ఆడగొంతు పలికింది. "సమ్మతి నమోదైంది. సర్వహక్కులూ తలుపులమ్మవి. ధన్యవాదాలు."

రాజుగారి చేతిలో ఫోన్ జారి కిందపడింది. "ఏయ్, ఏంటిది! నేను ఒప్పుకోలేదు! వింటున్నాను, చెప్పు అన్నానంతే! మావైపు ఆయ్ అంటే అంతేనండి!"

"నేనూ అంతే అన్నానండి, మొన్న ఫోన్లో" అన్నాను.

సురేంద్రగారు మొహం తుడుచుకున్నారు. రాజుగారు నన్ను చూశారు, బల్ల మీది ఫోన్ని చూశారు, పెద్దగా నవ్వేశారు. "ఇది చెల్లదని నేనంటే ఆవిడదీ చెల్లదు. ఆవిడది చెల్లుతుందంటే నాదీ చెల్లుతుంది. ఏది కావాలో మీరే తేల్చుకోండి సార్" అన్నారు సురేంద్రగారితో. ఆఫీసరుగారు పైవాళ్లకి ఫోన్ చేశారు. వాళ్లు ఏదో చెప్తుంటే ఈయన ఇటు "ఆయ్, ఆయ్ అండి" అంటున్నారు. నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

సాయంత్రానికి ఆర్డరు వచ్చింది. గోదావరి జిల్లాల్లో ఆయ్ అన్నది సమ్మతిగా పరిగణించరాదు అని. మా ఇద్దరి ఒప్పుకోళ్లూ రద్దు. శబ్దమిత్రని మర్యాద నేర్చుకోడానికి వెనక్కి పంపారంట, అది లేకుండా ఎవరి కేకా ఆపడానికి లేదంట. పాట ఎవరిదన్న గొడవ పెద్ద కోర్టులో చూసుకుందాం, కంపెనీ కేసు వదిలేసి నీ తరఫున నేనే వస్తాను అన్నారు రాజుగారు, ఒక కొర్రమీను కొనుక్కుని వెళ్తూ.

మైకు మాత్రం ఇంకా వాళ్ల గోదాములోనే ఉందండి. ఉంటే ఉండనీ అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే గుడివెనక వీధి మొదట్లో బండి ఆపి, ఊపిరి గట్టిగా పీల్చి, సొంత నోటితో కేకేశాను. సేపలోయ్ దగ్గర్నుంచి మొహం కాదూ దాకా, ఆ తర్వాత పిల్లి లేకపోయినా పిల్లి తిట్టు కూడా. గొంతు బొంగురుపోయింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. పిల్లలు అరుస్తూ బయటికొచ్చారు.

అలివేలుమంగగారు గేటు తడుముకుంటూ వచ్చి గిన్నె చాపారు.

"నువ్వేనటే తలుపులమ్మా?"

"ఆయ్" అన్నాను.