ఎండ కొలత

పట్టీ బిగించి, మోచేతి మడతలో నరం కోసం బొటనవేలితో తడిమి, "చురుక్కుమంటుంది, అంతే" అంటూనే సూది దించేసింది. ఇరవై రెండేళ్లుగా అదే మాట. అందుకే ఆ సంతాన చికిత్సాలయంలో డాక్టరమ్మతో సహా అందరూ ఆమెను చురుక్కమ్మ అనే పిలుస్తారు.

ఆమె గది నేలమాళిగలో ఉంది. కిటికీ లేదు. ఒక ట్యూబులైటు, ఒక వాలుకుర్చీ, రంగురంగుల మూతల గాజు గొట్టాలు. పొద్దున్నే దిగితే మళ్లీ సాయంత్రమే ఎక్కడం. "మా చురుక్కమ్మ ఎండ కన్నెరగని బిడ్డ" అని పక్క గదిలో రక్తపరీక్షల యంత్రం నడిపే ఆయన వేళాకోళమాడితే నవ్వేసేది.

అసలు ఆ గదిలోకి ఆమె మొదట వచ్చింది సూది పొడిపించుకోడానికే. మూడుసార్లు వైద్యం చేయించుకుంది. మూడుసార్లూ గర్భం నిలవలేదు. ఆ తర్వాత భర్త పిల్లల ఊసెత్తడం మానేశాడు. మరో రెండేళ్లకు అసలు ఏ ఊసూ ఎత్తడం మానేశాడు. ఆసుపత్రికి రావడం అలవాటైపోయిన మనిషి, రక్తం తీయడం నేర్చుకుని అక్కడే చేరిపోయింది.

విటమిన్ డి పరీక్ష తర్వాతెప్పుడో వచ్చింది. ఆ కొత్తలో ఓ మధ్యాహ్నం తన ఎడమ చేతి రక్తం తనే తీసి పంపింది. తొమ్మిది. ముప్పై ఉంటే మంచిదంటారు. ఆ కాగితం పట్టుకెళ్లి, అప్పుడే ఇది చూసుంటే నిలిచేదా అని డాక్టరమ్మను అడిగింది. డి బాగున్నవాళ్లకు గర్భం కాస్త ఎక్కువగా నిలిచిందని కొందరు రాశారనీ, మందులతో పెంచినా తేడా కనబడలేదని మరికొందరు రాశారనీ, ఆమె విషయంలో ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరనీ డాక్టరమ్మ చెప్పింది. అవునంటే ఏడ్చేది, కాదంటే ఊరుకునేది. రెండూ కాకపోయేసరికి ఆ తొమ్మిది ఆమెలోనే ఉండిపోయింది.

ఇవాళ కుర్చీలో ఉన్నది కత్తెరమ్మాయి. బట్టల కార్ఖానాలో గుడ్డ కత్తిరిస్తుంది. అక్కడా కిటికీ లేదు. రెండుసార్లు నిలవలేదు. మూడోదానికి ముందు చూస్తే డి పది. మందులు రాసి, రోజూ అరగంట ఎండలో కూర్చోమని డాక్టరమ్మ ఒకసారి చెబితే, చురుక్కమ్మ కన్నకూతురికి చెప్పినట్టు పదిసార్లు చెప్పింది. అది నాలుగు నెలల కిందటి మాట.

మధ్యాహ్నానికి ఫలితం వచ్చింది. ముప్పై నాలుగు. కాగితాలు పైకి చేర్చే పని తనది కాదు. అయినా మోకాళ్లు పట్టుకుని తనే మెట్లెక్కింది. కత్తెరమ్మాయి బయట గుమ్మం మెట్ల మీద కూర్చుని ఉంది.

"ముప్పై నాలుగొచ్చిందే పిల్లా."

ఆ అమ్మాయి కాగితం తీసుకుని అంకెను చాలాసేపు చూసింది.

"వైద్యం ఆపేస్తున్నాం పిన్నీ. పోయిన వారమే ఇద్దరం అనుకున్నాం. ఇక నావల్ల కాదు."

"మరి ఇవాళ రక్తమెందుకిచ్చావే?"

"రెండేళ్లుగా ఏం చేసినా ఏదీ నిలవలేదు కదా. ఇదొక్కటైనా పెరిగిందేమో చూసుకుందామని."

చురుక్కమ్మకు నోటిదాకా చాలా మాటలొచ్చాయి. అందివచ్చిన వేళ కాలదన్నుకుంటావా, ఇంకొక్కసారి చూడు అనబోయింది. ఆ 'ఇంకొక్కసారి' తను ఎంతమంది నోట విన్నదో గుర్తొచ్చింది. ఆగిపోవచ్చని మాత్రం తనకెవరూ చెప్పలేదు. పక్క మెట్టు మీద కూలబడింది.

"ఎండ మాత్రం మానకు."

"మానను పిన్నీ. ఈమధ్య ఆయనా వచ్చి కూర్చుంటున్నాడు. ఎన్నాళ్లకో వేరే కబుర్లు చెప్పుకుంటున్నాం."

చురుక్కమ్మ మెడ వెనక ఎండ వెచ్చగా తగిలింది. కత్తెరమ్మాయి కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, ఆమె చేతిని ఒకసారి పట్టుకుని వదిలి, వీధి మలుపు తిరిగిపోయింది.

కింద ఇంకా ఆరుగురున్నారు. ఆరుగురికీ చురుక్కుమంటుందని చెప్పింది. అందరూ వెళ్లాక కుర్చీ తుడిచి తలుపు మూయబోతే, వెనక కొక్కేనికి కొలతల టేపు వేలాడుతూ కనిపించింది. చెయ్యి చాపేముందు కత్తెరమ్మాయి మెడలోంచి తీసి తగిలించి ఉంటుంది. పసుపుపచ్చ టేపు, వేళ్ల రాపిడికి మొదటి అంకెలు, తొమ్మిదీ పదీ దాకా, ఎప్పుడో చెరిగిపోయాయి.