తాళాలాయన

"అక్కడ కాదండీ, కింద గడిలో. ఇంకా కింద," అంటూ తాళాలాయన ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, రెండు చేతులతో మరొకరి ఖాతా సరిచేస్తున్నాడు. ఆఫీసు తెరిచి ఎంతోసేపు కాలేదు, అప్పుడే చెవి ఎర్రబడింది. ఆ రిసీవరు ఎప్పుడో విరిగితే నల్లటి టేపు చుట్టి వాడుకుంటున్నాడు. కొత్తది ఇమ్మని అడిగి అడిగి విసిగి ఊరుకున్నాడు.

ఆఫీసులో ఎవరి పాస్‌వర్డు పోయినా అతనే దిక్కు గనుక ఆ పేరు పడింది. సెలవు పెట్టడానికో తాళం, జీతం చూసుకోవడానికో తాళం, సరుకు లెక్కకో తాళం, మెయిలుకో తాళం. పెట్టుకునేది వాళ్ళు, మరిచిపోయేది వాళ్ళు, చీవాట్లు తినేది ఇతను. సెలవు మర్నాడైతే మరీ ఘోరం. ఇంట్లో రెండు పూటలు కంటినిండా నిద్రపోయి వచ్చేసరికి సగంమందికి ఏమీ గుర్తుండేది కాదు. పన్నెండేళ్ళుగా ఇదే బతుకు.

ఇవాళ్టితో ఆ పీడ వదులుతుంది. పొద్దున ఒక్కసారి పాస్‌వర్డు కొట్టి, సెల్‌ఫోనుకు వచ్చిన అంకెలు వేస్తే చాలు, అన్నీ తెరుచుకుంటాయి. నెలల తరబడి కూర్చుని ఆ ఏర్పాటంతా చేసింది తాళాలాయనే. కూర్చున్న కొమ్మను నరుక్కుంటున్నానని తెలియక కాదు. అతనిది కాంట్రాక్టు ఉద్యోగం, ఇవాళ్టితో గడువు తీరుతుంది. "ఇది సాఫీగా అయిపోతే నిన్ను పర్మినెంటు చేసే సంగతి చూద్దాం" అన్నాడు మేనేజరు. ఆ 'చూద్దాం' పట్టుకుని వేలాడుతున్నాడు. కాదంటే ఇల్లు ఖాళీ చేసి బావమరిది మేడ మీద గదికి పోవాలి. బావమరిది మంచివాడే. ఆ మంచితనమే భరించలేం. కూర వడ్డించినప్పుడల్లా "మొహమాటపడకండి బావగారూ" అంటాడు.

"ఇవాళైనా అడిగి తేల్చుకోండి. మీ నోట్లో నాలుక లేదా?" అని భార్య పొద్దున గుమ్మం దాకా వచ్చి మరీ చెప్పింది.

భోజనాల వేళ దాకా అంతా బాగానే నడిచింది. అప్పుడు కొత్త పద్ధతికి మారే వంతు లెక్కల విభాగానికి వచ్చి, అది మొత్తం ఒక్కసారిగా ఆగిపోయింది. ఎవరికీ అంకెలు రావడం లేదట. తాళాలాయన మెట్లకేసి పరుగెత్తాడు. ఆయాసపడుతూ పైఅంతస్తుకు వెళ్తే అందరూ చేతులు కట్టుకుని కూర్చున్నారు.

"మీ సెల్‌ఫోన్లు చూడండమ్మా, అంకెలు వాటికే కదా వచ్చేది!"

"మా నంబర్లు ఇవ్వలేదుగా. అందరం పెద్దక్క నంబరే ఇచ్చాం," అంది ఒకామె, అదేదో ఘనకార్యమైనట్టు. "ఏది వచ్చినా అక్కకే రావడం అలవాటు."

పెద్దక్క అంటే ఆ విభాగంలో అందరికన్నా పాత ఉద్యోగి. ఆవిడ పన్ను పీకించుకోవడానికి వెళ్ళింది.

తాళాలాయనకు గోడకేసి తల బాదుకోవాలనిపించింది. "మీరు మీరేనని దానికి తెలియాలంటే ఎవరి ఫోను వాళ్ళదే ఉండాలి తల్లీ!"

"మేం మేమేనని మీకు తెలీదా ఏంటి?"

అతనికి తెలుసు. గొంతు విని ఎవరో చెప్పగలడు, విసురు విని ఏ తాళం పోయిందో చెప్పగలడు. తిండి మానేసి కూర్చుని ఒక్కొక్కరి నంబరూ మార్చాడు. అయిపోయే వేళకు పెద్దక్క బుగ్గ వాచిపోయి వచ్చింది. "ఇంతమంది ఒక్కసారే తలుచుకున్నారేంటా అనుకున్నా తమ్ముడూ. నోరు తెరుచుకుని పడుకున్నా, ఫోన్ తీసే వీల్లేదు!"

సాయంత్రం మేనేజరు గదిలోకి పిలుపొచ్చింది. తెర మీద పైఅధికారులు కూర్చుని ఉన్నారు. మేనేజరు మొహం వెలిగిపోతోంది.

"ఇంకొక్కటి చూపించు. మనిషి ఉద్యోగం వదిలిపోతే అన్నీ ఒకేసారి మూసేయొచ్చన్నావుగా?"

నిజమే. ఇదివరకు రిటైరైన ఒక గుమాస్తాకు నెలల తరబడి సెలవులు జమ అవుతూనే ఉండేవి.

"ఎవరిది మూయమంటారు?"

"ఇవాళ్టితో వెళ్ళేది నువ్వేగా. నీదే మూసెయ్," అన్నాడు మేనేజరు, తెర మీంచి కళ్ళు తిప్పకుండానే.

"చూద్దామన్నారు కదండీ..."

"చూశాం. ఇక ఎవరూ ఏదీ మరిచిపోరు కదా, మనిషెందుకన్నారు. పొద్దునే చెబితే పని చెడుతుందని ఆగాను."

తాళాలాయనకు ఒళ్ళు మండిపోయింది. అయినా చెయ్యి తన పేరు దగ్గరికి వెళ్ళి నొక్కింది. ఒక్కొక్కటే ఎర్రబడి అన్నీ మూసుకున్నాయి. ఎక్కడా తప్పు పట్టడానికి లేదు. తెర మీంచి ఎవరో శభాష్ అన్నారు. ఒక్క క్షణం సంతోషం వేసింది కూడా. అందుకు తన మీద తనకే అసహ్యం కలిగింది.

తన బల్ల దగ్గరికొచ్చి టిఫిను డబ్బా సంచిలో పెట్టుకుంటుంటే ఫోను మోగింది.

"తమ్ముడూ, ఆ కొత్తది ఏం పెట్టుకున్నానో గుర్తు రావట్లేదయ్యా." పెద్దక్క గొంతు, ఇంకా ముద్దముద్దగా ఉంది.

అలవాటుగా వేళ్ళు కీబోర్డు మీదికి పోయాయి. తెర కదల్లేదు.

"ఇప్పుడు నా చేతుల్లో లేదక్కా."

"అదేంటి, నేనెవరో తెలియట్లేదా?"

"నువ్వు తెలుసక్కా. దానికి నేనెవరో తెలియట్లేదు."

మెట్లు దిగుతూ సెల్‌ఫోను తీసి ఇంటికి చేశాడు. "మీ తమ్ముడితో చెప్పు, గది ఊడ్పించమను," అన్నాడు.

అన్నిటినీ మూసిన ఆ నొక్కుడు ఒక్క ఫోనును మాత్రం వదిలేసింది. ఖాళీ బల్ల మీద, నల్ల టేపు చుట్టిన రిసీవరును మోస్తూ, అది మోగుతూనే ఉంది.