ఆవిడ తెరిస్తే తెరుచుకునే కిటికీలు

వంటింటి కిటికీ తెరవడానికి చెయ్యి ఒక్కటే చాలదు. ముందు గడియని తనవైపు లాక్కుని, అప్పుడు పక్కకి జరపాలి. లేకపోతే ఆ గడియ గడియసేపైనా కదలదు. తరవాత మునివేళ్ళ మీద లేచి, ఎడం అరచెయ్యి రెక్క అడుగున పెట్టి పైకెత్తాలి. ఎత్తింది దిగకముందే కుడిభుజంతో ఒక్క తోపు తొయ్యాలి. ఆ తోపుకి బందులు మూలుగుతాయి. ఆవిడ మూలగదు. పొద్దున్నే ఇంట్లో రెండు మూలుగులు వినిపిస్తే అత్తగారికి తలనొప్పి వస్తుంది.

ఆ ఇంట్లో కిటికీకో కిటుకు. హాల్లో కిటికీకి మోకాలితో కింద మూల ఒక్కటివ్వాలి. పడగ్గది కిటికీ మూసేటప్పుడు ఊచల మధ్యనుంచి చెయ్యి బయటికి పెట్టి, వాలిపోయిన రెక్కని చంటిపిల్లని ఎత్తినట్టు ఎత్తి లోపలికి తెచ్చుకోవాలి. అత్తగారి గదిలో కిటికీకి కొక్కెం ఎప్పుడో ఊడిపోయింది. దానికి మడతపెట్టిన అట్టముక్క, ఆ అట్టముక్కకి ఓ గుడ్డపీలిక, ఆ పీలికకి ఆవిడ ఓపిక. ఈ కిటుకులన్నీ ఒక్కరోజులో వచ్చినవి కావు. పెళ్ళయి ఈ ఇంటికొచ్చిన కొత్తలో ఒక రెక్క కదలక, తను తప్పుగా తెరుస్తున్నానేమో అనుకుంది పాపం. ఆ అనుకోవడంలోనే సగం జీవితం అయిపోయింది. మిగతావాళ్ళకి ఆ అనుమానం కూడా రాలేదు, ఎందుకంటే వాళ్ళెప్పుడూ ముట్టుకోలేదు. చినుకు పడితే ఒక గదిలోంచి "అమ్మాయ్, కిటికీ!", ఉక్కపోస్తే ఇంకో గదిలోంచి "ఇదిగో, కిటికీ!" అంటే చాలు. కిటికీ అన్నది ఆవిడకి రెండో పేరయి కూర్చుంది.

వాళ్ళాయన మాస్టారు. పిల్లలకి భౌతికశాస్త్రం చెబుతాడు. బళ్ళో పాఠం చాలక ఇంట్లో కూడా చెబుతాడు. ఆవిడ భుజంతో తోస్తుంటే కుర్చీలోంచి లేవకుండానే, "అంత బలం ఎందుకే, బలం కాదు కావలసింది, కోణం. కొస దగ్గర తోస్తే తేలిగ్గా వస్తుంది" అంటాడు. ఆ కోణం ఏదో ఒక్కసారి వచ్చి చూపించమంటే, "సూత్రం చెప్పాను కదా, ఇంక నీ చేతిలో పని" అంటాడు. సూత్రం ఆయనది, సూత్రధారి ఆయనే. బరువు మాత్రం పాత్రధారిది.

కిటికీల పని అయిపోయిందని ఆవిడ ఎప్పుడో కనిపెట్టింది. అన్నీ మూసి ఉన్నా తెర ఊగుతోందంటే అయిపోయినట్టే. కింది చట్రం మీద గోరు ఆనిస్తే రొట్టెలో దిగినట్టు దిగుతోందంటే అయిపోయినట్టే. నల్లటి బూజు ఎన్నిసార్లు తుడిచినా వారం తిరక్కుండా అక్కడే మొలుస్తోందంటే, రంగు కిందనుంచి నీటిబుడగల్లా పొంగుతోందంటే, వాన వెలిశాక కూడా కిటికీ గట్టుమీది గుడ్డ పిండితే నీళ్ళొస్తున్నాయంటే, ఇంక అది కిటికీ కాదు, కిటికీ బొమ్మ. ఆ మాటే చెప్పింది. "వానల్లో ప్రతి చెక్కా ఉబ్బుతుంది, అది ప్రకృతి" అన్నాడు మాస్టారు. ఎండల్లో చెప్పింది. "సందుల్లోంచి గాలి వస్తే మంచిదేగా" అన్నాడు. చలిలో చెప్పింది. "దుప్పటి కప్పుకో" అన్నాడు. కాలాలు మూడూ అయిపోయాయి. నాలుగో కాలం లేదు కనక ఆవిడ ఊరుకుంది. అత్తగారి వాదం వేరు. "మీ మావగారు దగ్గర కూర్చుని కోయించిన చెక్క అది. నన్ను సాగనంపాక గానీ అది పోదు." ఇంతకీ ఆ కిటికీల బందులు ఊడిపోతున్నాయని ఎవరన్నా అంటే అత్తగారికి బంధువులు పోయినంత దుఃఖం.

ఆవిడ పనిచేసే ఆఫీసులోనూ ఇదే వరస. అక్కడ కాపీలు తీసే ముసలి యంత్రం ఒకటుంది. కాగితాన్ని నమిలి మింగుతుంది. పక్కపలక తీసి, రోలరు వెనక్కి తిప్పి, కాగితం చింపకుండా లాగడం ఆవిడకొక్కర్తికే తెలుసు. అందుకని ఆవిడ బల్ల తీసుకెళ్ళి ఆ యంత్రం పక్కన వేశారు. కొత్తది కొందామని ఎవరన్నా అంటే మేనేజరు ఆవిడని వేలితో చూపించి, "మేడమ్ ఉన్నారుగా!" అంటాడు. పదోన్నతి జాబితా వచ్చినప్పుడు కూడా ఆ మాటే అన్నాడు. మేడమ్ పైకెళితే యంత్రం ఎవరు చూస్తారు?

ఇలా ఎత్తీ తోసీ, ఎత్తీ తోసీ కుడిభుజం పట్టేసింది. డాక్టరమ్మ చెయ్యి పైకి లేపి చూసి, సగంలోనే ఆవిడ మొహం చూసి దింపేసింది. "బరువులు తొయ్యడం ఇవాళ్టితో ఆపెయ్యండి. ఇలాగే లాక్కొస్తే ఈ కీలు గట్టిపడిపోతుంది. అప్పుడు జడ వేసుకోవాలన్నా ఇంకో మనిషి కావాలి" అంది. ఇంటికొచ్చి ఆ మాట చెబితే మాస్టారు నిజంగానే బాధపడ్డాడు. పేపరు పక్కన పెట్టి మరీ బాధపడ్డాడు. కాసేపాగి, "పోనీ ఎడం చేత్తో తెరువు" అన్నాడు.

కానీ డాక్టరమ్మ చీటీ చూశాక ఇంట్లో కిటికీల మాట మొదటిసారి గట్టిగా లేచింది. ఆయనకేమో కారుకి షెడ్డు వెయ్యాలని ఉంది. కారు ఎండకి వెలిసిపోతోందని బెంగ. ఆవిడ వెలిసి చాలా రోజులైంది గానీ, ఆవిడకి ఎవరు షెడ్డు వేస్తారు? ఈసారి ఆవిడ తగ్గలేదు. "షెడ్డా, కిటికీలా, ఏదో ఒకటి. నా భుజం ఇంక మొయ్యదండీ" అంది. "సరే, మనకెందుకీ గొడవ? కిటికీలు చేసేవాళ్ళ మనిషిని పిలుద్దాం. మార్చాలి అంటే షెడ్డు మానేస్తా. అక్కర్లేదు అంటే నువ్వు మళ్ళీ ఈ మాట ఎత్తకూడదు" అన్నాడు. ఆవిడ ఒప్పుకుంది. గోరు దిగే చెక్కని చూసి ఎవరైనా అక్కర్లేదంటారా?

ఇదిగో, ఇక్కడే ఆవిడ చెయ్యకూడని పని చేసింది. బయటి మనిషి ఇంటికొస్తున్నాడని ఇల్లంతా కడిగింది. బూజు కనిపిస్తే ఏమనుకుంటాడో అని గట్లన్నీ బ్లీచింగు వేసి తోమింది. రంగు లేచినచోట లప్పం పెట్టి, మిగిలిన రంగు పూసింది. గడియలకి నూనె, రెక్కల అంచులకి కొవ్వొత్తి మైనం. గట్లమీది గుడ్డలన్నీ తీసి ఉతికి ఆరేసింది. నొప్పి చెయ్యిని ఒళ్ళో పెట్టుకుని ఎడం చేత్తో సాయంత్రం దాకా ఆ పనే. ఎందుకంటే ఇల్లు మురిగ్గా ఉంటే ఆ మురికి కిటికీది కాదు, ఇల్లాలిది. అలాగే నేర్పారు.

కిటికీలాయన మర్యాదస్థుడు. చెప్పులు బయట విడిచి, టేపు మెడలో వేసుకుని వచ్చాడు. "ఒక్కొక్కటీ తెరిచి మూసి చూపించండమ్మా" అన్నాడు. మాస్టారు చేతులు వెనక్కి కట్టుకుని, "చూపించు" అన్నాడు.

ఆవిడ చూపించింది. గడియ తనవైపు లాగింది, అరచెయ్యి అడుగున పెట్టింది, ఎత్తింది, తోసింది. చెయ్యికి అలవాటైన పనిని చెయ్యి చేసుకుపోతుంది, మనసుని అడగదు. హాల్లో మోకాలితో తట్టింది. చీర అడ్డం ఉంది కనక ఆ తట్టు ఎవరికీ కనిపించలేదు. పైగా కొత్తమనిషి ముందు ఇబ్బంది పడకూడదని మామూలుగా కంటే ఒడుపుగా తెరిచింది. భుజంలో కత్తి దిగినట్టుంటే నవ్వింది కూడా.

"బాగానే వస్తున్నాయే!" అన్నాడాయన. రంగు మీద గోరు ఆనించబోయి, ఆరీ ఆరని మెరుపు చూసి, "ఇప్పుడే చేయించినట్టున్నారు" అని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "పాతవే గానీ ఇంకో నాలుగేళ్ళకి ఢోకా లేదు సార్. వీటిని మార్చమని చెబితే మీ దగ్గర అన్యాయంగా డబ్బు తీసుకున్నట్టవుతుంది."

నిజాయితీపరుడు. ఆవిడ ఖర్మకి ఆ రోజే దొరికాడు.

"చూడండి, లోపల చెక్క పుచ్చిపోయిందండీ. నేను ఎత్తిపట్టి..." అని మొదలుపెట్టింది ఆవిడ. "తెరుచుకున్నాయిగా, మా కళ్ళముందే తెరుచుకున్నాయిగా!" అన్నాడు మాస్టారు, బళ్ళో ప్రయోగం పూర్తయినంత సంబరంగా. లోపల్నుంచి అత్తగారు, "నే చెప్పలా? ఆ చెక్క నన్ను సాగనంపాకే" అంది.

ఆయన వెళ్ళిపోయాక ఆవిడ హాలు కిటికీ దగ్గర నిలబడి ఆ కొత్త రంగు వంక చూసింది. పరీక్ష ఎవరు రాశారు? ఎవరు పాసయ్యారు? ఇన్నేళ్ళూ ఆ చెక్క పుచ్చుతున్నకొద్దీ తను ఇంకాస్త ఒడుపు నేర్చుకుంది. అది ఎంత చెడితే తను అంత మంచిదయింది. ఎంత మంచిదయిందంటే, చెడు ఎవరికీ కనిపించనంత. ఇంట్లో అందరూ కిటికీ గట్టిగా ఉందనుకుంటున్నారు. వాళ్ళు అబద్ధమాడటం లేదు, వాళ్ళు చూసిన కిటికీలో చెక్కతోపాటు తన భుజం కూడా ఉంది. షెడ్డు మనుషులు మర్నాడే వచ్చి ఇనపగొట్టాలు దింపారు.

తరవాతి వారం వాన పట్టుకుంది. కొవ్వొత్తి మైనానికి ఆయుష్షు ఎంతని! రెక్కలు మళ్ళీ ఉబ్బి, మూద్దామంటే చట్రంలోకి రానన్నాయి. పడగ్గదిలో నడుం వాల్చిన అత్తగారి దగ్గర్నుంచి "అమ్మాయ్, కిటికీ!" అని పిలుపొచ్చింది. ఆవిడ పరుగున వెళ్ళి ఎత్తబోయింది. చెయ్యి నడుం దాకా వచ్చి ఆగిపోయింది. అంతకి పైకి అసలు లేవలేదు. కిటికీ రెక్కా, ఆవిడ రెక్కా ఒకేరోజు బిగుసుకుపోయాయి.

"ఏమైంది?" అన్నాడు మాస్టారు. "రావట్లేదండీ" అంది. "కిటికీయా?" అన్నాడు.

ఆవిడ కుడిచేతిని ఎడం చేత్తో పట్టుకుంది. జల్లు మంచం మీద పడుతోంది. అత్తగారు దుప్పటి ముడుచుకుని ఓ మూలకి జరిగి గొణుగుతోంది. అప్పుడు మాస్టారు లేచాడు. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళలేదు. గుమ్మంలోకి వెళ్ళి, పదో తరగతి చదువుతున్న కూతుర్ని పిలిచాడు. "అమ్మకి చెయ్యి బావులేదమ్మా. ఎలా మూయాలో అమ్మ చెబుతుంది, నువ్వు మూసెయ్."

పిల్ల పెన్ను చెవిమీద పెట్టుకుని వచ్చింది. ఆవిడ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. పిల్ల పుట్టినప్పట్నుంచీ చూస్తూనే ఉంది. ఊచల మధ్యనుంచి సన్నటి చెయ్యి బయటికి పెట్టి, రెక్కని పట్టుకుని, పళ్ళు బిగించి పైకెత్తి, లోపలికి లాగి చట్రంలో బిగించింది. ఠక్కున పడింది గడియ.

"అబ్బో! అచ్చం మీ అమ్మే!" అని అత్తగారు మెటికలు విరిచింది. "చూశావా, కోణం!" అన్నాడు మాస్టారు. "ఇంక మనకి బెంగ లేదు. మిగతా గదులు కూడా చూసిరామ్మా."

పిల్ల తడిసిన చేతిని గౌనుకి తుడుచుకుంటూ, మెచ్చుకోలుకి వెలిగిపోతూ, తల్లివంక చూసింది. ఆ మొహం ఆవిడకి తెలుసు. మొదటిసారి ఈ ఇంట్లో కిటికీ తెరుచుకున్ననాడు తన మొహం కూడా అలాగే వెలిగింది. మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు మీదే ఇన్నేళ్ళు నడిపించారు.

"నువ్వెళ్ళి చదువుకో. మిగతా గదుల్లోకి వెళ్ళకు" అంది పిల్లతో.

"మరి వాన?" అన్నాడు మాస్టారు.

"వస్తోందండీ" అంది ఆవిడ.

ఆ మర్నాడు ఆఫీసుకి సెలవు పెట్టింది. యంత్రం సంగతేమిటని మేనేజరు అడిగితే ఫోను పెట్టేసింది. తరవాత అక్కయ్యకి చేసింది. అక్కయ్య ఊళ్ళోనే ఉంటుంది, ఆ ఇల్లు పిల్ల బడికి ఇంకా దగ్గర. "చెయ్యి బాగుపడేదాకా వస్తానే. పిల్ల కూడా" అంది. "బాగుపడ్డానికి ఎన్నాళ్ళు పడుతుందన్నారే?" అంది అక్కయ్య. "చెయ్యికా?" అంది ఆవిడ. అక్కయ్య "పుస్తకాలు మర్చిపోకండి" అంది.

పిల్ల పుస్తకాల సంచి, రెండు పెట్టెలు గుమ్మంలో పెట్టాక, ఎడం చేత్తో కిటికీలాయనకి ఫోను చేసింది.

"మీరోసారి మళ్ళీ వచ్చి చూడాలండీ."

"మొన్నేగా చూశాం మేడమ్. అన్నీ చక్కగా తెరుచుకున్నాయి."

"అందుకే మళ్ళీ రమ్మంటున్నా."

ఆయనకి అర్థం కాలేదు. అయినా మర్యాదస్థుడు కదా, "సరే మేడమ్. మీరు ఇంట్లో ఎప్పుడుంటారో చెప్పండి, అప్పుడే వస్తా" అన్నాడు.

"మీరు ఎప్పుడొచ్చినా మేమిద్దరం ఉండం" అంది ఆవిడ. "మాస్టారు ఉంటారు. ఆయన్ని తెరవమనండి."