ఆర్నెల్ల తాళం

రైలు గాజులపల్లె దాటేదాకా నా బుర్ర సరిగ్గానే పనిచేసింది. నంద్యాలలో దిగాకే తికమక మొదలైంది.

మా ఆయన యోహానుకు కిడ్నీలు రెండూ పోయాయి. సోమవారం నుంచి నంద్యాల ఆస్పత్రిలో వారానికి మూడుసార్లు డయాలసిస్. గిద్దలూరు నుంచి వచ్చిపోతుంటే మనిషి తట్టుకోలేడు, దగ్గర్లోనే ఇల్లు తీసుకోండని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఇవాళ శనివారం. సాయంత్రం రైలు ఎక్కేలోగా మెట్లు లేని ఇల్లొకటి నాకు దొరకాలి.

ఆళ్లగడ్డలో ఉండే మా తమ్ముడు ఫ్రాన్సిస్ ఫోన్లో దారి చెబుతానన్నాడు. వాడు నంద్యాలలో చదువుకుని పాతికేళ్లయింది.

"సినిమా హాలు పక్క సందులోకి పోక్కా."

"ఈడ హాలు లేదురా. సెల్‌ఫోన్ల అంగడి ఉండాది."

"సరిగా చూడు. అంత పెద్ద హాలు యాడికి పోతాది?"

పోనీ ఎవరినైనా అడుగుదామంటే మోసం చేస్తారు, అడగొద్దంటాడు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు అన్నట్టుంది వాడి వరస.

టులెట్ బోర్డు చూసి అడిగిన మొదటి ఇల్లు శేషాద్రి అనే పెద్దాయనది. గదులు చూపించాడు, కుళాయి తిప్పి నీళ్లు చూపించాడు. ఎవరెవరు ఉంటారన్నాడు. నేనూ, జబ్బు మనిషి మా ఆయనా అన్నాను.

"శనివారం పూట తాళంచెవి ఇయ్యమమ్మా" అన్నాడు.

"సోమవారం తీసుకుంటా సార్."

"సోమవారమూ కుదరదు."

రెండో ఇంటి కమలాక్షమ్మ కాఫీ కూడా ఇచ్చింది. డయాలసిస్ మాట వినగానే, ఆ వాటాలోకి వాళ్ల అల్లుడు దిగుతున్నట్టు గుర్తొచ్చిందామెకు. నాకేమీ అర్థం కాలేదు. నా మెడలో సిలువ చూశారేమోనని వీధిలోకొచ్చి కొంగు కప్పుకున్నాను. ఆ పని చేసినందుకు నా మీద నాకే కోపమొచ్చి మళ్లీ తీసేశాను. ఆ కోపమంతా ఫోన్లో ఫ్రాన్సిస్ మీద చూపించాను.

"జబ్బు సంగతి చెప్పినావా? ఎవురిస్తారుక్కా? బాడుగింట్లో మనిషి పోతే, అదీ ధనిష్ఠ నక్షత్రంలో పోతే, వాళ్లు ఆర్నెల్లు ఆ ఇంటికి తాళం ఎయ్యాల. బావ సంగతి ఎత్తొద్దు."

"మనకు నక్షత్రాలేందిరా?"

"మనకు లేవు. ఇంటికి ఉండాయి."

బతికించుకోవడానికి ఇల్లు వెతుకుతుంటే వీళ్లు చావు లెక్క చూస్తున్నారని ఒళ్లు మండింది. కానీ వాళ్ల ఆచారం వాళ్లది, తప్పెవరిదో తేల్చుకోలేకపోయాను. మూడో చోట నోరు మూసుకోవాలని మాత్రం నిర్ణయించుకున్నాను.

మూడో ఇల్లు మహానందమ్మది. ముందు కిరాణా అంగడి, వెనక ఇల్లు. మెట్లు లేవు. ఆస్పత్రి నాలుగడుగుల దూరం. ఆమె ఏమీ అడగలేదు. బాడుగ నేను అడక్కుండానే తగ్గించింది. అంత తొందరెందుకో నాకు అనుమానమొచ్చింది. గదంతా దుమ్ము. గోడ మీద క్యాలెండరు ఆరు నెలల కిందటి పేజీ దగ్గరే ఆగిపోయింది.

"ఎన్నాళ్ల నుంచి మూసినారు?"

ఆమె తాళంచెవిని కొంగుతో తుడుస్తూ నిలబడింది. దాచిపెడదామనుకున్నాను గానీ నా నోరు నా మాట ఎప్పుడు విన్నది కనుక.

"చూడమ్మా, మా ఆయన కిడ్నీ పేషెంటు. నాకు మాత్రం ఆయన బతుకుతాడనే నమ్మకం. నీకు ఇష్టం లేకుంటే ఇప్పుడే చెప్పు, పోతా."

ఆమె గడప మీద కూర్చుండిపోయింది.

"మా ఆయన ఈ గదిలోనే పోయినాడు. ధనిష్ఠ. కర్మ అయినంక నన్ను కూడా బయటికి పంపిచ్చి తాళం ఎయ్యమన్నారు. ఆర్నెల్లు అంగట్లో మూటల మధ్యన పండుకున్నా. నా ఇంట్లోకి నేను రాకుండా. మొన్ననే శాంతి చేపిచ్చి తీసినా. బాడుగకు వచ్చినోళ్లు పక్కింట్లో సంగతి అడిగి పోతాండారు. నీకు కూడా చెప్పగూడదనే అనుకున్యా."

నేనూ ఆమె పక్కనే కూర్చున్నాను.

"పిల్చుకొని రా నీ మొగున్ని" అంది మహానందమ్మ. "ఎవురేం చెప్పినా ఈసారి నేను తాళం ఎయ్యను."

ఈసారి అన్న మాటకు ఆమె మీద అరవాలనిపించింది. ఆమె చేతులు పట్టుకుని ఏడవాలనీ అనిపించింది. రెండూ చేయలేదు.

"మంచం యాడ ఏస్తావ్?" అని అడిగింది.

కిటికీ కింద నేల మీద మంచం కోళ్ల గుర్తులు నాలుగు పడి ఉన్నాయి. ఆమె అటు చూడకుండా గోడ వైపు చూస్తోంది. నేను గదంతా చూశాను. గాలి వచ్చే చోటు అదొక్కటే.

"ఆడే" అన్నాను.

మహానందమ్మ లేచి చీపురు తెచ్చింది.